పదకొండో చోటు

చిరంజీవులకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న చిన్నది ఫోన్ చేసి "ఇరవై మూడు డిజైన్ ప్యాటర్న్‌లు బట్టీ పట్టాలి పెద్దమ్మా, సోమవారం ఇంటర్నల్" అని ఒకటే టెన్షన్ పడింది. ప్రోగ్రాంలలో పదేపదే వచ్చే చిక్కులకు వాడే నమూనాలేగా అవి. అప్పుడే చెప్పేదాన్ని, కానీ పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఫోన్ పెట్టేశాను. పెద్దోడా, నువ్వూ చదువు. ఉద్యోగంలో ఇవేవీ పనికిరావని నువ్వు దానికి చెప్పావట.

ముందు నా సంగతి. అప్పట్లో నేనొక ఫీజుల ప్రోగ్రాం రాశాను. డబ్బు మూడు దారుల్లో వచ్చేది: నగదు, చెక్కు, కార్డు. నగదైతే ఇలా, చెక్కైతే అలా, ఎల్స్, అంటే మిగిలింది కార్డే కదా, ఇంకోలా అని అవసరం పడిన ప్రతిచోటా రాసుకుంటూ పోయాను. బాగానే నడిచింది. 2016లో యూపీఐ వచ్చింది. కొన్నాళ్ళకు అదీ చేర్చమన్నారు. వెతికితే నా ఇఫ్-ఎల్స్‌లు పది చోట్ల దొరికాయి, పదీ మార్చాను. పదకొండోది రసీదు రద్దు చేసే కోడ్‌లో ఉంది. అది నా కంట పడలేదు. యూపీఐలో కట్టి రద్దు చేయించుకున్నవాళ్ళ డబ్బంతా ఆ చివరి ఎల్స్‌లోకి జారి కార్డు ఖాతాలో పడింది. నెలాఖరుకు లెక్క తేలక రెండు రాత్రులు నిద్ర లేదు. పక్కవాళ్ళను అనడానికీ లేదు, కోడంతా నాదే.

ఆ తర్వాత మార్చి రాశాను. 'చెల్లింపు' అని, ఏమేం చెయ్యగలగాలో చెప్పే ఒప్పందం లాంటి ఒక ఇంటర్‌ఫేస్ పెట్టాను. వసూలు చెయ్యడం, రద్దు చెయ్యడం, రసీదు మీద ఏం రాయాలో చెప్పడం, ఈ మూడూ తెలిసినవాళ్ళే అందులోకి రావాలి. నగదుకో క్లాస్, అంటే దాని పనులన్నీ ఒకచోట ఉండే ముక్క, చెక్కుకో క్లాస్, కార్డుకో క్లాస్, యూపీఐకో క్లాస్. రద్దు రాయడం మర్చిపోతే కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే ఒప్పుకోదు. ఇఫ్-ఎల్స్ పూర్తిగా పోయిందనుకోకండి. కట్టేవాళ్ళు ఎంచుకున్నదాన్ని బట్టి ఏ క్లాస్ పిలవాలో తేల్చే చోట ఒకటి మిగిలింది. పదకొండు చోట్ల ఉన్నది ఒక్క చోటికి వచ్చింది, అంతే. మీ పుస్తకంలో, ఆ ఇరవై మూడిట్లో, దీని పేరు స్ట్రాటజీ. పాత కోడ్ జోలికి పోకుండా కొత్తది చేర్చగలగడాన్ని ఓపెన్-క్లోజ్డ్ సూత్రం అంటారు. ఆ మాట 1988లో బెర్ట్రాండ్ మేయర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పెట్టింది.

అసలు కిటుకు అంతకంటే పాతది. 1972లో డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణ కూడా చిన్నదే. కొన్ని వాక్యాలు ఇస్తారు. ప్రతి వాక్యంలో మొదటి మాటను తీసి చివర పెడుతూ తిప్పాలి: "అమ్మ అన్నం పెట్టింది", "అన్నం పెట్టింది అమ్మ", "పెట్టింది అమ్మ అన్నం". అలా వచ్చినవన్నీ అక్షరక్రమంలో పేర్చి అచ్చు వెయ్యాలి. దీన్ని ఎవరైనా ఎలా ముక్కలు చేస్తారు? చదివే ముక్క, తిప్పే ముక్క, పేర్చే ముక్క, అచ్చు వేసే ముక్క. పని జరిగే వరసలోనే. పార్నాస్ దీన్నే రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. మొదటిది ఈ వరసే. రెండోదాంట్లో, రేపు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్క లోపల దాచాడు. వాక్యాలను మెమరీలో ఎలా దాచుకున్నామన్నది ఒక్క ముక్కకే తెలుసు, మిగతావి "ఫలానా వాక్యంలో ఫలానా మాట ఇవ్వు" అని అడిగి తీసుకోవాలి. ఇప్పుడు దాచుకునే పద్ధతి మార్చి చూడండి. మొదటి రకంలో ఇంచుమించు అన్ని ముక్కల్లోనూ చెయ్యి పెట్టాలి. రెండోదాంట్లో ఒక్కదానిలోనే.

నేను ఏ డిజైన్ చూసినా వేసే ప్రశ్న ఇదే: రేపు ఏది మారుతుంది, అది ఎంతమందికి తెలుసు? నా ఫీజుల ప్రోగ్రాంలో డబ్బు వచ్చే దారి మారే వస్తువు. దాని సంగతి పదకొండుమందికి తెలుసు.

ఇన్హెరిటెన్స్, అంటే ఒక క్లాస్ గుణాలను ఇంకో క్లాస్‌కు వారసత్వంగా ఇవ్వడం, దాని గురించి కూడా ఒక మాట. క్లాసులో దాన్నే మొదట గొప్పగా చెబుతారు, పిల్లలు దొరికినచోటల్లా వాడేస్తారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష చేసినవాళ్ళే ఇందులో పప్పులో కాలేశారు. అందులో స్టాక్ అని ఒక క్లాస్ ఉంది. పెళ్ళి భోజనాల దగ్గర కంచాల దొంతర గుర్తు తెచ్చుకోండి: పైన పెట్టాలి, పైనుంచే తియ్యాలి. కానీ ఆ స్టాక్‌ను వెక్టర్ అనే క్లాస్‌కు వారసుణ్ణి చేశారు. వెక్టర్‌లో ఎక్కడైనా దూర్చవచ్చు, ఎక్కడినుంచైనా లాగవచ్చు. ఆ గుణాలన్నీ దొంతరకూ వచ్చాయి. దొంతర వెక్టర్‌లో ఒక రకం కాదు, వెక్టర్‌ను లోపల పెట్టుకుని పని చేయించుకోవాల్సిన వస్తువు. పాత ప్రోగ్రాంలు చెడిపోతాయని ఇప్పటికీ దాన్ని తియ్యలేకపోతున్నారు. "దీని బదులు డెక్ అనే రకం వాడుకోండి" అని జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది, చూడండి.

చతురస్రం కథ మీకు తెలిసే ఉంటుంది. లెక్కల్లో చతురస్రం దీర్ఘచతురస్రమే. కోడ్‌లో మాత్రం, చతురస్రాన్ని దీర్ఘచతురస్రానికి వారసుణ్ణి చేస్తే, పొడవు 5, వెడల్పు 4 పెట్టి వైశాల్యం అడిగినవాడికి 20 బదులు 16 వస్తుంది, ఎందుకంటే వెడల్పు మార్చగానే పొడవూ మారిపోయింది. తల్లి క్లాస్‌ను నమ్మి రాసిన కోడ్ పిల్ల క్లాస్ చేతిలో మోసపోకూడదు. దీన్ని 1987లో ఒక ప్రసంగంలో లేవనెత్తిన బార్బరా లిస్కోవ్ పేరే సూత్రానికి పెట్టారు. కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2008కి ఆవిడదే. చిన్నదానా, ఆ పేరు గుర్తుపెట్టుకో.

ఇక నీ ఇరవై మూడు. 1994లో నలుగురు కలిసి ఒక పుస్తకంగా రాశారు. ప్యాటర్న్ అనే ఆలోచన వాళ్ళకు క్రిస్టఫర్ అలెగ్జాండర్ దగ్గర దొరికింది. ఆయన ఇళ్ళూ ఊళ్ళూ ఎలా కట్టాలో ఆలోచించిన ఆర్కిటెక్ట్. నలుగురూ వాటిని కనిపెట్టలేదు, మంచి ప్రోగ్రాంలలో మళ్ళీ మళ్ళీ కనబడినవాటికి పేర్లు పెట్టారు. పేరుంటే, ఒకటి మారితే దాన్ని గమనించేవాటన్నిటికీ కబురందే పద్ధతి కావాలన్నప్పుడు "ఇక్కడ అబ్జర్వర్ పెడదామా" అంటే పక్కవాడికి అర్థమవుతుంది, గంట మాటలు మిగులుతాయి. అందులో సింగిల్‌టన్ ఒకటి, అంటే ఒక క్లాస్‌కు ఒకే ఒక్క వస్తువు ఉండేలా చూసేది, మాత్రం నాకు నచ్చదు. ప్రోగ్రాంలో ఎవరైనా మార్చగల గ్లోబల్ వేరియబుల్‌కు పట్టుచీర కట్టినట్టుంటుంది. పరీక్షలో అడిగితే మాత్రం రాసెయ్యి, మార్కులు పోగొట్టుకోకు.

పెద్దోడా, నీ మాటలోనూ కొంత నిజం ఉంది. వంద లైన్ల స్క్రిప్ట్‌కు ఆరు ఇంటర్‌ఫేస్‌లు పెట్టినవాళ్ళనూ చూశాను. ఎప్పటికీ మారనిదాన్ని దాచడానికి అంత గోడ ఎందుకు? ఏది మారుతుందో తెలియకపోతే సూటిగా రాసుకో, అదే మార్పు రెండోసారి అడిగినప్పుడు విడదియ్యి.

ఇద్దరూ ఆ వాక్యాలు తిప్పే ప్రోగ్రాం రాసి ఉంచండి, ఎవరిది వాళ్ళే. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఒక మార్పు అడుగుతాను. అదేమిటో ఇప్పుడు చెప్పను. ఎవరు ఎన్ని ఫైళ్ళు తెరవాల్సి వస్తుందో పక్కన కూర్చుని లెక్కపెడతాను. తక్కువ తెరిచినవాళ్ళకు సున్నుండలు రెండు ఎక్కువ.

ఇట్లు,
మీ పెద్దమ్మ