స్మార్ట్ సిటీ నిధులు: అపోహలు - వాస్తవాలు (ప్లాట్ కొనేముందు చదవండి)

పోయిన వారం ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, చేతిలో మడతలు పడిన కలర్ బ్రోచర్, దానిమీద పెద్దక్షరాల్లో "కాకినాడ స్మార్ట్ సిటీ పక్కనే". అడ్వాన్స్ కట్టేశారట, మిగతాది కట్టమంటారా అని అడిగారు. డీపీఆర్‌ల (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదికల) పనిలో ఉన్నాను కదా, నాకిది కొత్త కాదు.

అపోహ: ఊరు స్మార్ట్ సిటీ అయితే ఊరంతటికీ, చుట్టుపక్కల పంచాయతీలకీ కేంద్రం డబ్బులొస్తాయి.

వాస్తవం: రావండి. 2015 జూన్ 25న కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలైనప్పటి నుంచీ డబ్బులో సింహభాగం ఏబీడీ ఏరియాకే, అంటే ఊళ్లో ఎంచుకున్న ఒక ముక్కకే. రెట్రోఫిట్ (ఉన్నదాన్నే బాగుచేయడం) అయితే ఆ ముక్క 500 ఎకరాలు దాటాల్సి ఉండేది, రీడెవలప్‌మెంట్‌కి (పాతది తీసేసి కొత్తగా కట్టడానికి) 50 ఎకరాలు దాటితే సరిపోయేది. మిగతా ఊరికి కెమెరాలు, కమాండ్ కంట్రోల్ సెంటర్ లాంటి పాన్ సిటీ (ఊరంతటికీ పనికొచ్చే) పనులే. కాకినాడ 2016 జనవరిలో మొదటి 20 ఊళ్ల లిస్టులోనే వచ్చింది నిజమే, కానీ పంచాయతీలో వేసిన లేఅవుట్‌కి దీంతో రోడ్డు రాదు. ఏబీడీ మ్యాప్ టేబుల్ మీద పరిచి మీ ప్లాట్ చూపించండి మాస్టారూ అన్నాను, ఆయన వేలు కాలవ వెంబడి జరుగుతూ జరుగుతూ కాగితం అంచు దాటి టేబుల్ చెక్క మీద ఆగింది. "కమ్యుటేషన్ డబ్బులండి" అన్నారు, అంటే పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకున్న సొమ్ము, నాకు నోట మాట రాలేదు.

ఇంకా ఫండ్స్ వస్తున్నాయని చెప్పేవాళ్లని అసలు నమ్మొద్దు, 2025 మార్చి 31తో మిషన్ అయిపోయింది. బ్రోచర్ పక్కన పెట్టి ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అనుమతి నంబర్) అడగండి, దాన్ని అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలో మీరే వెళ్లి చూసుకోండి, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయించండి.

అపోహ: వెయ్యి కోట్లు ఒకేసారి వచ్చాయి, కార్పొరేషన్ వాడేసుకుంది.

వాస్తవం: కేంద్రం వాటా ఊరికి సుమారు 500 కోట్లు, అంతే మొత్తం రాష్ట్రం, కార్పొరేషన్ కలిపి పెట్టాల్సి ఉండేది. అదీ విడతలుగా, యూసీ (ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టామని చెప్పే సర్టిఫికెట్) పంపితేనే తర్వాతది వచ్చేది. పని చేయించేది ఈ పనుల కోసమే పెట్టిన ఎస్‌పీవీ అనే కంపెనీ.

అపోహ: స్మార్ట్ సిటీలో ఇంటికి సబ్సిడీ ఉంది.

వాస్తవం: లేదు. ఇల్లు పీఎంఏవై పథకం, నీళ్లు, డ్రైనేజీ అమృత్ పథకం, స్మార్ట్ సిటీతో కలిపి మూడూ ఒకే రోజు మొదలయ్యాయని జనం కలిపేస్తారు. ఫారం ఫీజు అంటే ఎవరికీ పైసా ఇవ్వకండి.

మాస్టారు ఆ మర్నాడే ప్లాట్ అమ్మేవాళ్లని ఎల్‌పీ నంబర్ అడిగారట, "ప్రాసెస్‌లో ఉందండి" అన్నారట. అడ్వాన్స్ వెనక్కివ్వమని నిన్న ఇద్దరం కూర్చుని లెటర్ రాశాం.