రోజూ కడిగే కారుకి తుప్పెందుకు?

నెల్లూరు జిల్లా కావలి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నగారు కొన్న 1996 నాటి మారుతి 800 ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇంజన్‌కి ఏ లోటూ లేదు. ఇంట్లో వాటర్ ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్లు పట్టి రోజూ కారు కడుగుతాను. రాత్రి కాగానే కవర్ కప్పుతాను. పై రంగు అద్దంలా మెరుస్తుంది. తలుపుల కింది అంచులు మాత్రం ఉబ్బి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. షెడ్డులో లప్పం పెట్టి రంగు కొట్టించాను. ఏడాది తిరక్కముందే మళ్లీ అక్కడే లేచింది. లోపం ఎక్కడుంది?"

చాలా మంచి ప్రశ్న. అడిగిన వివరాల్లోనే సగం జవాబు ఉంది కూడా. ఫిల్టర్ నీళ్లు, కవర్, లప్పం, ఈ మూడింటికీ ఇందులో పాత్ర ఉంది.

ఇనుముకి నీరు, ఆక్సిజన్ తగిలితే తుప్పు పడుతుందని బడిలో అందరం చదువుకున్నాం. అది వదిలేద్దాం, ఎందుకంటే ఆ వాక్యం ఈ కారు సంగతి చెప్పలేదు. వాన మొత్తం పడేది బానెట్ మీద. గాలి బాగా తగిలేదీ బానెట్‌కే. తుప్పు పట్టింది మాత్రం గాలి సరిగా చొరబడని తలుపు మడతలో. ఆక్సిజన్ తక్కువ ఉన్నచోట తుప్పు ఎక్కువ ఎందుకు? ఇది అర్థం కావాలంటే ఒక నీటి చుక్కను జాగ్రత్తగా చూడాలి.

కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ (1889-1980) అనే శాస్త్రవేత్త లోహాలు ఎలా తినిపోతాయన్న దాని మీదే జీవితమంతా పనిచేశారు. ఆయన పేరు మీద ప్రసిద్ధమైన ప్రయోగం ఒకటుంది. శుభ్రంగా రుద్దిన ఇనుప పలక మీద ఒక ఉప్పునీటి చుక్క వేస్తారు. ఆ నీటిలో ముందే రెండు సూచికలు కలిపి ఉంచుతారు. ఇనుము కరిగి నీటిలోకి దిగినచోట పొటాషియం ఫెర్రిసైనైడ్ నీలంగా మారుతుంది. క్షారం పుట్టినచోట ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకొస్తుంది. మొదట రెండు రంగులూ అక్కడక్కడా చుక్కలుగా కలగలిసి కనిపిస్తాయి. కాసేపటికి అవి సర్దుకుంటాయి. చుక్క నడిమధ్య నీలం, అంచు చుట్టూ గులాబీ వలయం, ఆ రెండింటికీ మధ్య గోధుమరంగు తుప్పు ఉంగరం. ఒకే పలక, ఒకే చుక్క, ఒకే నీరు. అయినా మధ్యలో ఒక పని, అంచున ఇంకో పని జరుగుతోంది. రసాయనశాస్త్రంలో ఇంతకంటే అందమైన దృశ్యం నాకు తెలియదు.

ఇలా ఎందుకు జరుగుతుందో అంకెలతో చూద్దాం. 30 డిగ్రీల దగ్గర ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, లీటరు మంచినీటిలో కరిగి ఉండేది ఏడున్నర మిల్లీగ్రాములే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ. పైగా ఆక్సిజన్ అణువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మది. చుక్క అంచున నీటి పొర పల్చన కాబట్టి బయటి గాలి నుంచి ఆక్సిజన్ వెంటవెంటనే అందుతుంది. మధ్యలో నీరు మందం. అక్కడున్న కాస్తా ఖర్చయిపోతే కొత్తది ఇంత మందాన్నీ దాటుకుని రావాలి. దాంతో పలక రెండు భాగాలుగా చీలిపోయి ఒక బ్యాటరీ అవుతుంది. ఆక్సిజన్ అందని మధ్యభాగంలో ఇనుము రెండేసి ఎలక్ట్రాన్లు వదిలి అయానుగా, అంటే విద్యుదావేశమున్న కణంగా, నీటిలోకి జారుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్లు పలక లోపలినుంచే అంచుకు నడుస్తాయి. అక్కడ ఆక్సిజన్, నీరు వాటిని తీసుకుని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. మధ్య నుంచి ఇనుము, అంచు నుంచి హైడ్రాక్సైడ్ ఒకదానికొకటి ఎదురొచ్చి కలిసేచోట తుప్పు పేరుకుంటుంది.

అంటే ఆక్సిజన్ అందేచోట ఇనుము బతికిపోతోంది, అందనిచోట గుంటపడుతోంది. తుప్పు మనకు కనిపించే చోటు వేరు, ఇనుము నిజంగా నష్టపోయే చోటు వేరు. పాత కారు ఉన్నవాళ్లంతా ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోవాలి.

ఇంటర్ పిల్లలకు మనం తుప్పు సమీకరణాలు బట్టీ పట్టించి రెండు మార్కులకు వదిలేస్తాం. ఆ ఫెర్రిసైనైడ్, ఆ ఫినాఫ్తలీన్ రెండూ సాధారణంగా కాలేజీ ల్యాబుల్లో ఉండేవే. శుభ్రంగా రుద్దిన ఇనుప పలక, చిటికెడు ఉప్పు, కాసేపు ఓపిక చాలు. ఈ ప్రయోగం చూసిన పిల్లవాడు ఎలక్ట్రోకెమిస్ట్రీ అంటే ఇక భయపడడు. లెక్చరర్లు దీన్ని ఒక్కసారి క్లాసులో చేసి చూపించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇప్పుడు ఆ చుక్కను తలుపు దగ్గరికి తీసుకెళ్దాం. కారు తలుపు రెండు రేకులు. బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి నొక్కేస్తారు. అద్దం పక్కన రబ్బరు బీడింగ్ ఉన్నా వాన నీరు కొంత తలుపులోకి దిగుతుంది, దిగాలనే దాన్ని అలా చేస్తారు. ఆ నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. పాతికేళ్ల దుమ్ము, ఆకులు, పాలిష్ పిప్పి చేరి ఆ కన్నాలు మూసుకుపోతాయి. నీరు మడతలో నిలుస్తుంది. ఆ మడత లోతు చుక్క నడిమధ్య లాంటిది, గాలి తగిలే పై అంచు చుక్క చివర. బ్యాటరీ సిద్ధం. కాలికింద మ్యాట్‌లు, వాటి కింద కార్పెట్, దాని కింద తడి పీల్చిన ఫెల్టు, అక్కడా ఇదే. మడ్‌గార్డ్ లోపల అంటుకున్న మట్టి కిందా ఇదే. నంబర్ ప్లేటు వెనక, బంపర్ బోల్టు వాషర్ కింద, బానెట్ మీద రంగు చిట్లిన చిన్న గీత కింద కూడా ఇదే. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మడత విచ్చుకుంటుంది, రంగు బుడగలా లేస్తుంది. గులాబీ వలయంలో పుట్టిన క్షారం కూడా ఊరుకోదు. దాని పీహెచ్ (7 దాటితే క్షారం, తగ్గితే ఆమ్లం అని చెప్పే కొలత) 10 చుట్టుపక్కల ఉంటుంది. రంగుకీ రేకుకీ ఉన్న పట్టును అది విడదీస్తూ పోతుంది. కొత్తగా విడిపోయిన సందులోకి నీరు దూరుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఏ ఊరి కారుకైనా వర్తిస్తుంది. మన తీరానికి ప్రత్యేకమైనది ఉప్పు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి, వాటి బరువులో సగానికి పైగా క్లోరైడే. అలలు విరిగినప్పుడు ఎగిరే తుంపర గాలిలో తేలి వచ్చి రేకు మీద వాలుతుంది. తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఇది వేగంగా తగ్గిపోతుంది కాబట్టి సముద్రపు ఒడ్డునున్న మైపాడులో నిలిపే కారు, బాగా లోపలున్న ఆత్మకూరులో నిలిపే కారు ఒకటి కావు. ఉప్పు చేసే మొదటి పని తడిని పట్టి ఉంచడం. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన సోడియం క్లోరైడ్ తనంతట తాను నీరు పీల్చి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో ఉప్పు తేలాక మిగిలే చేదు నీటిని తీసేసేది ఇందుకే, అందులో మెగ్నీషియం ఎక్కువ. అది మిగిలిన కల్లుప్పు వానాకాలంలో జాడీలోనే చెమరుస్తుంది. జ్యేష్ఠ ఆషాఢాల పడమటి గాలికి ఊరంతా ఎండిపోయినా, మడతలో ఉన్న ఉప్పు పొర మాత్రం పూర్తిగా ఆరదు. కారు మీద నీటి చుక్క కనబడక్కర్లేదు, ఎవాన్స్ చుక్క అక్కడ ఉన్నట్టే.

రెండో పని విద్యుత్తును సులువుగా పోనివ్వడం. అది మామూలే. మూడోది అసలైనది. గుంటలో ధన ఆవేశమున్న ఇనుప అయాన్లు పేరుకునేకొద్దీ ఆవేశం సరిపెట్టడానికి బయటినుంచి క్లోరైడ్ అయాన్లు లోపలికి లాగబడతాయి. ఐరన్ క్లోరైడ్ నీటితో చర్య జరిపి ఐరన్ హైడ్రాక్సైడ్‌ని పక్కన పడేస్తుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. గుంటలో పీహెచ్ 4 చుట్టుపక్కలకు పడిపోతుంది. ఆ ఆమ్లం మరికొంత ఇనుమును కరిగిస్తుంది, మళ్లీ ఐరన్ క్లోరైడ్, మళ్లీ ఆమ్లం. ఈ చక్రంలో ఇనుము ఖర్చవుతుంది, ఆక్సిజన్ ఖర్చవుతుంది, క్లోరైడ్ మాత్రం ఖర్చుకాదు. ఒకసారి చేరిన క్లోరైడ్‌ని కడిగి బయటికి పంపేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 గాలిని దాని తినే శక్తిని బట్టి తరగతులుగా విభజిస్తుంది. తీరప్రాంతాలకు తరచు వర్తించే సీ5 తరగతిలో, పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 80 నుంచి 200 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం పోగొట్టుకుంటుంది. చాలా కార్ల బయటి రేకు మందం ఒక మిల్లీమీటరుకు కూడా తక్కువే. అది రెండువైపులా తినబడితే ఎన్నేళ్లు నిలుస్తుందో మీరే లెక్కవేసుకోవచ్చు.

ఇక లప్పం ఎందుకు నిలవలేదో చెప్పుకుందాం. షెడ్డులో ఎమరీ పేపరుతో రుద్దినప్పుడు పై తుప్పు పోయి రేకు తెల్లగా కనిపిస్తుంది. కంటికి ఆనని గుంటల అడుగున క్లోరైడ్ అలాగే ఉంటుంది. దానిమీద లప్పం పెట్టారు. లప్పం మెల్లగా తేమ పీలుస్తుంది. పైగా లోపలివైపు నుంచి మడతను ఎవరూ ముట్టుకోలేదు. పనివాడి చేతిలో లోపం లేదు, పని చేసిన వరుసలోనే ఉంది.

ఆ ఫిల్టర్ వేస్ట్ నీళ్ల సంగతి విన్నప్పుడు నాకు నిజంగా బాధేసింది. నీళ్లు పారబోయకూడదన్న మంచి ఆలోచనతోనే చాలా ఇళ్లలో ఇలా చేస్తున్నారు. తీరం వెంట బోర్లలో ఉప్పు, కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్. అందుకే మన నెల్లూరు, ప్రకాశం వైపు ఆర్‌ఓ మిషన్ (నీటిలోని ఉప్పును వేరుచేసే ఫిల్టర్) లేని వీధి లేదు. మిషన్ మూడు లీటర్లు తీసుకుని ఒక లీటరు మంచినీరు ఇచ్చిందనుకోండి. మూడు లీటర్లలోని ఉప్పు దాదాపు మొత్తం మిగిలిన రెండు లీటర్లలోకి చేరుతుంది. అంటే అసలే ఉప్పగా ఉన్న బోరు నీరు ఒకటిన్నర రెట్లు ఉప్పగా మారి బయటికొస్తుంది. దాంతో రోజూ కడగడమంటే తలుపు మడతకు రోజూ కొత్త క్లోరైడ్ అందించడమే. ఆ నీళ్లు బాత్‌రూమ్ కడగడానికి వాడండి. కారుకి మున్సిపాలిటీ నీళ్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా డాబా మీద పట్టిన వాన నీళ్లో వాడండి. రోజూ కడగనక్కర్లేదు. కడిగిన రోజు మాత్రం చివర ఒక బకెట్ మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, తలుపులు, డిక్కీ తీసి మధ్యాహ్నపు గాలికి వదిలేయండి. తుమ్మలపెంటకో, కొత్తపట్నానికో, పాకల బీచ్‌కో వెళ్లొచ్చిన రోజు కింది భాగం అదే రోజు కడిగించాలి. టైర్లు అలల్లో తడిసేలా ఇసుకలోకి తోలడం మాత్రం పాత కారుతో అసలు చేయకూడని పని.

కవర్ విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా ఉంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్ తీరప్రాంతంలో కారుకి శత్రువు. లోపలి తేమ పగటి వేడికి ఆవిరై, రాత్రి చల్లబడి మళ్లీ రేకు మీదే పడుతుంది. నాలుగువైపులా గాలి వచ్చే రేకుల షెడ్డు చాలా మేలు.

దసరాకు ఆయుధపూజ చేసి కారుకి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కడతాం, బంపర్ దగ్గర కొబ్బరికాయ కొడతాం. దిష్టి సంగతి నేను నమ్మను, కానీ పూజ చేసుకునేవాళ్ల మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంది, కొబ్బరి నీళ్లలో పొటాషియం, క్లోరైడ్ ఉన్నాయి. నిమ్మకాయ ఇనుప తీగతో గ్రిల్‌కి కట్టి కుళ్లిపోయేదాకా ఉంచితే ఆ తీగ, దాని కింది రేకు రెండూ తినిపోతాయి. పూజ అయిన సాయంత్రమే కడిగేయండి, నిమ్మకాయ నూలుదారంతో కట్టండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర కింద డీజిల్ కొట్టించుకోవడం ఇంకో నమ్మకం. డీజిల్ పొర ఎక్కువకాలం నిలవదు, పైగా సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది.

కృష్ణపట్నం పోర్టుకొచ్చే ఓడల అడుగున, ఇనుముకు బదులు తామే కరిగిపోయే జింక్ దిమ్మలు ఉంటాయి కదా, కారుకీ ఒకటి బిగిస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఓడకీ దిమ్మకీ మధ్య సముద్రం ఎడతెగకుండా ఉంటుంది కాబట్టి ఆ వలయం పూర్తవుతుంది. తలుపు మడతలో తడికీ ఎక్కడో బిగించిన దిమ్మకీ మధ్య నీటి దారి లేదు. కారు రేకును అంటుకుని పూతగా ఉంటేనే జింక్ పనిచేస్తుంది. ఇప్పటి కార్ల రేకుల్లో చాలావాటికి ఆ పూత ఉంటోంది, ఆ కాలపు మన కార్లలో అరుదు.

కాబట్టి మీ తలుపులకు చేయాల్సింది ఇది. ముందు లోపలి ప్యాడ్ విప్పించి, అడుగు కన్నాలను సన్నని తీగతో పొడిచి తెరవండి. లప్పం పూర్తిగా గీకించి, వదులుగా ఉన్న తుప్పు తీయించండి. తర్వాత మంచినీళ్లతో కడగడం, ఆరబెట్టడం, మళ్లీ కడగడం. ఒక్కసారితో సరిపెట్టకండి, గుంటల్లోని క్లోరైడ్ నెమ్మదిగా గాని బయటికి రాదు. ఇంకా మిగిలిన పల్చటి తుప్పు మీద టానిక్ ఆమ్లమున్న రస్ట్ కన్వర్టర్ రాస్తే అది నల్లబడి, నీటిలో కరగని ఐరన్ టానేట్ పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు కూడా ఇదే రసాయనం: కరక్కాయలో నానబెట్టిన గుడ్డలోని టానిన్, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రావణం, రెండూ కలిసినచోట నల్లటి గీత. తలుపు మీది ఆ నల్లటి పొర మీద ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే గట్టి తొలి పూత), అవసరమైతే ఆ ప్రైమర్ మీద లప్పం, ఆ తర్వాతే రంగు.

రేకు చిల్లు పడిపోయి ఉంటే కన్వర్టర్‌తో లాభం లేదు, కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. పాత రేకు మీద కొత్తది ఒరుసుకుని ఉండేచోట మళ్లీ ఒక సందు ఏర్పడుతుంది. అక్కడ సీమ్ సీలర్ (అతుకు సందును మూసే పేస్టు) పెట్టమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. వెల్డింగ్ వేడికి లోపలివైపు ప్రైమర్ మాడిపోతుంది, అక్కడ మళ్లీ కొట్టించాలి. చివరగా తలుపు లోపల, మడత పొడవునా క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో చిమ్మే మైనం) స్ప్రే చేయించి, అది అడుగు కన్నాల్లో గడ్డకట్టకముందే తీగ ఇంకోసారి పొడిచి చూసుకోండి.