డీఎస్ఎల్ టూల్స్ గొడవ: అసలు మలుపు 2016లోనే

పైథాన్ కోడ్ ఎంత కావాలంటే అంత ఏఐ రాసిచ్చేస్తోంది కదా, ఇంక ఒక్క రంగం కోసం సొంతంగా చిన్న ప్రోగ్రామింగ్ భాష (డీఎస్ఎల్) కట్టుకోవడం, అందుకోసం ఎంపీఎస్, ఎక్స్‌టెక్స్ట్ లాంటి టూల్స్ నేర్చుకోవడం దండగ అనే వాదన మళ్లీ లేచింది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 2016 జూన్.

అప్పటిదాకా భాష కట్టేవాళ్ల తలనొప్పి పార్సర్ (రాసిన కోడ్‌ని చదివి విడదీసే ప్రోగ్రామ్) కాదు. యాంట్లర్ అనే టూల్‌కి గ్రామర్, అంటే భాష రాసే నియమాలు, ఇస్తే పార్సర్ అదే పుట్టిస్తుంది. ఆ తర్వాతే అసలు చాకిరీ: ఆటోకంప్లీట్ రావాలి, తప్పు కింద ఎర్రగీత పడాలి, పేరు మీద నొక్కితే దాని నిర్వచనానికి వెళ్లాలి. ఇవి లేని భాషని ఎవరూ ముట్టుకోరు. ఎక్స్‌టెక్స్ట్ వీటన్నిటినీ గ్రామర్ నుంచే తయారుచేసేది, పేరొచ్చింది అందుకే, కాకపోతే మొదట్లో అంతా ఎక్లిప్స్ అనే ఒక్క ఎడిటర్ గోడల లోపలే. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్‌హాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని (ఎడిటర్, భాష సహాయక ప్రోగ్రామ్ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతిని) ప్రకటించాక ఆ గోడ కూలింది. ఒక్క సర్వర్ రాస్తే చాలు, ప్రోటోకాల్ తెలిసిన ఏ ఎడిటర్ అయినా దాంతో మాట్లాడుతుంది. ఎక్స్‌టెక్స్ట్ అనుభవం ఉన్నవాళ్లే తర్వాత టైప్‌స్క్రిప్ట్‌లో, ఈ ప్రోటోకాల్ మీదే లాంజియం అనే అలాంటి టూల్ కట్టారు.

దీనికి పూర్తిగా వేరే దారి ఎంపీఎస్ తయారుచేసిన జెట్‌బ్రెయిన్స్ కంపెనీది. 2004లో ఆ కంపెనీ సహ వ్యవస్థాపకుడు సెర్గీ ద్మిత్రియేవ్ రాసిన వ్యాసం నుంచి పెరిగిన ఎంపీఎస్‌లో టెక్స్ట్ అనేదే ఉండదు, నేరుగా ప్రోగ్రామ్ చెట్టునే (కోడ్ లోపలి నిర్మాణాన్నే) దిద్దుతాం, అందుకే కోడ్ మధ్యలో టేబుల్స్, గణిత సూత్రాలు పెట్టేయొచ్చు. కానీ సేవ్ అయ్యేది ఎక్స్‌ఎంఎల్, కాబట్టి ఎంపీఎస్ బయట గిట్ డిఫ్ (ఏ మార్పులు జరిగాయో చూపే జాబితా) చూస్తే తల తిరుగుతుంది. అయినా నెదర్లాండ్స్ పన్నుల శాఖ దాని మీద తన నిబంధనల భాషని కట్టుకుంది.

ఏఐ పక్షం మాటలో నిజం లేకపోలేదు: మోడల్ కుప్పలుగా పైథాన్ చదివింది, మీ సొంత భాషని ఎన్నడూ చూడలేదు, తప్పులు రాస్తుంది. అయితే సొంత భాష కావాలనే అవతలివాళ్లు చెప్పేది వేరు. రాయడం చవకైపోయాక సరిచూడటమే ఖరీదైన పనిగా మిగిలింది, వెయ్యి లైన్ల పైథాన్‌ని పన్నుల నిపుణుడు సరిచూడలేడు గానీ, తన రంగం మాటల్లో రాసిన ఇరవై నియమాల్ని కాఫీ చల్లారేలోపు చదివేస్తాడు. పైగా చిన్న భాషలో చేయకూడని పని అసలు రాయడానికే వీలుండదు. మోడల్ రాసేటప్పుడే ఆ గ్రామర్ దాటకుండా కట్టడి చేయడం ఇప్పుడు కుదిరే పనే. ఇక 2016 ప్రోటోకాల్ విషయానికొస్తే, మనిషి ఎడిటర్‌లో ఎర్రగీతలు పెట్టిన ఆ సర్వరే ఇప్పుడు ఏఐ ఏజెంట్‌కీ తప్పుల జాబితా అందించగలుగుతోంది, అది చూసి ఏజెంట్ తన కోడ్ తనే దిద్దుకుంటోంది.