టైర్లు మార్చే ముందు పాత టైరును తడిమి చూడండి: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్లు, వీల్ అలైన్‌మెంట్ (చక్రాలను సరైన కోణంలో నిలబెట్టడం) పని చేస్తాను. మా దగ్గరికి వచ్చే కార్లలో చాలావరకు రెండు కారణాలతోనే వస్తాయి. ఒకటి మోత, రెండోది టైర్లు అనుకున్నదాని కంటే ముందే అరిగిపోవడం. దిగుతూనే "నాలుగూ కొత్తవి వేసెయ్యండి" అంటారు. వేస్తే మాకు వ్యాపారమే. కానీ పాతవి ఎందుకు పాడయ్యాయో చూడకుండా వేస్తే అదే జబ్బు కొత్తవాటికీ పట్టుకుంటుంది. చిన్న కారుకైనా నాలుగు టైర్లంటే దగ్గర దగ్గర ఇరవై వేలు. ఆ డబ్బు ఆరు నెలల్లో రోడ్డు పాలు కాకూడదని ఇది రాస్తున్నాను.

అపోహ: చక్రాల దగ్గర "హూ..." అని మోత వస్తే బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే భాగం) పోయినట్టే

బేరింగ్ పోయినా అదే మోత, టైరు వంకరగా అరిగినా అదే మోత. చెవితో విని తేల్చడం అనుభవం ఉన్న మెకానిక్‌కి కూడా కష్టం. అందుకే ముందు కొన్ని పరీక్షలు చేయాలి.

ఖాళీ రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, అరవై స్పీడులో స్టీరింగ్‌ను మెల్లగా కాస్త కుడికి, కాస్త ఎడమకి తిప్పి చూడండి. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్‌ను అనుమానించాలి. అటూ ఇటూ తిప్పినా మోత మారకుండా, సిమెంటు రోడ్డు ఎక్కగానే పెరిగి, కొత్తగా వేసిన తారు రోడ్డు మీద తగ్గితే అది టైరు మోత. షాపులో అయితే కారును జాకీ మీద లేపి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద పెడతాం. బేరింగ్ పోయి ఉంటే ఆ స్ప్రింగ్‌లో గరగరమని చేతికి తెలిసిపోతుంది.

ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి ఒక రౌండు నడపండి. మోత చోటు మారితే టైరే. ఈ పని ఖర్చు బేరింగ్ ఖర్చు కంటే చాలా తక్కువ. ఈ మధ్య ఒక పెద్దాయన వచ్చారు. రెండు వెనక బేరింగులూ మార్పించారట, మోత మాత్రం అలాగే ఉందట. "బాబూ, ఇక ఇంజన్ చూపించాలంటావా?" అని అడిగారు. వెనక టైరు దగ్గర కూర్చోబెట్టి, అరచెయ్యి పట్టుకుని గ్రిప్ మీద ముందు నుంచి వెనక్కి రాయించాను. నున్నగా జారింది. వెనక నుంచి ముందుకి రాయించేసరికి గ్రిప్‌లోని ప్రతి రబ్బరు ముక్క (బ్లాకు) అంచూ చేతికి గుచ్చుకుంది. రంపం పళ్లలా అరిగిందన్నమాట. ఆయన కారుకు టైర్లు కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా రొటేషన్ (ముందు, వెనక టైర్ల చోటు మార్చడం) చేయించలేదు.

ఇంజన్ ముందు చక్రాలనే తిప్పే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఇది మామూలుగా కనిపించే జబ్బు. వెనక చక్రాల మీద బరువు తక్కువ, ఇంజన్ లాగుడు ఉండదు. ఏళ్ల తరబడి అక్కడే తిరిగితే బ్లాకులు ఒక పక్కకు అరుగుతాయి. ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు ఒకసారి రొటేషన్ చేయిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. టైరు పక్క గోడ మీద తిరిగే దిశ చూపించే బాణం గుర్తు ఉంటే మాత్రం, ఒకే వైపున ముందుదీ వెనకదీ మార్చుకోవాలి. అటువైపుది ఇటు వేయకూడదు.

అపోహ: అలైన్‌మెంట్ చేయిస్తే మోత పోతుంది

పోదు. అలైన్‌మెంట్ ఇక ముందు జరిగే అరుగుదలను సరిచేస్తుంది, ఇప్పటికే వంకరగా అరిగిన రబ్బరును తిరిగి తీసుకురాదు. అలైన్‌మెంట్ అయ్యాక కూడా మోత ఉందని గొడవ పడేవాళ్లు చాలామంది. ఆ మాట ముందే చెప్పని షాపుదే తప్పు.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సర్దడం) ఒకటే అనుకోవడం కూడా బాగా పాతుకుపోయింది. స్టీరింగ్ వదిలితే కారు ఒక పక్కకు లాగుతుంటే, టైరు లోపలి అంచో బయటి అంచో ఒక్కటే అరుగుతుంటే అది అలైన్‌మెంట్ సంగతి. ఎనభై దాటాక స్టీరింగ్ వణుకుతూ, స్పీడు తగ్గిస్తే ఆగిపోతే అది బ్యాలెన్సింగ్. వానాకాలంలో పొలం దారుల్లో తిరిగిన కార్లకు రిమ్ము లోపలి వైపు మట్టి అంటుకుని ఎండిపోతుంది. దానికే కారు వణుకుతుంది. ముందు ఆ మట్టి గీకి కడిగి చూడండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

టైరును ఒకసారి కిందికి వంగి చూస్తే సగం సంగతి అదే చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్యలో గ్రిప్ ఉంటే చాలాకాలం తక్కువ గాలితో తిరిగింది. మధ్యలో అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ కొట్టించారు. అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయేమో చూడాలి. పోయిన షాక్ అబ్జార్బర్ల మీద కొత్త టైర్లు వేస్తే ఆ గుంటలు మళ్లీ వస్తాయి. టైర్ల డబ్బులో కొంత అటు మళ్లించడమే నయం.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గించి పెట్టుకోవాలి, లేకపోతే టైరు పేలుతుంది

అన్నిటికంటే నన్ను భయపెట్టే అపోహ ఇదే. ఏప్రిల్ వచ్చిందంటే "రెండు పాయింట్లు తక్కువ పెట్టు బాబూ, ఎండలు మండిపోతున్నాయి" అనేవాళ్లు రోజూ వస్తారు.

గాలి తగ్గితే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా నలుగుతుంది. ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది. హైవే మీద వంద స్పీడులో, నలుగురు మనుషులూ సామానుతో, 44 డిగ్రీల ఎండలో అలా గంటసేపు నలిగితే లోపలి పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. చాలా టైర్లు పేలేది ఇలాగే, తక్కువ గాలి వల్ల. కారు నడిచాక గాలి మూడు నాలుగు పాయింట్లు (psi) పెరగడం మామూలే, కంపెనీ వాళ్లు అది లెక్కేసుకునే, చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి పెట్టాలో అంకె ఇస్తారు. వేడి మీద 36 చూపిస్తోందని 32కి దింపితే, మర్నాడు పొద్దున చల్లబడ్డాక అది 28 అవుతుంది.

ఆ అంకె డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత వెనక ఉంటుంది. నిండా మనుషులు, లగేజీ ఉన్నప్పుడు ఎంత పెట్టాలో కూడా చాలా స్టిక్కర్ల మీద విడిగా రాసి ఉంటుంది, ఊరెళ్లే ముందు అది చూడండి. టైరు పక్క గోడ మీద 44 అనో 51 అనో అచ్చు వేసి ఉండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ పీడనం, అంత కొట్టించమని కాదు. కారు చల్లగా ఉన్నప్పుడు, ఇంటి దగ్గరి బంకులోనే గాలి చూపించుకోండి.

అపోహ: నైట్రోజన్ కొట్టిస్తే మైలేజీ పెరుగుతుంది, మామూలు గాలి కలిపితే ప్రమాదం

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. విడిగా నైట్రోజన్ కొట్టిస్తే టైరులో గాలి కాస్త నెమ్మదిగా తగ్గుతుంది, తేమ ఉండదు, అంతవరకు నిజం. గాలి సరిగ్గా ఉంటే రెండింటితోనూ మైలేజీ ఒకటే. దారిలో తగ్గితే మామూలు గాలి నిశ్చింతగా కలపొచ్చు. నైట్రోజన్ బంకు దొరకలేదని తక్కువ గాలితో వంద కిలోమీటర్లు నడిపేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి.

అపోహ: గ్రిప్ ఉంటే టైరు బాగున్నట్టే

పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే కార్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఏడేళ్లలో పదిహేను వేల కిలోమీటర్లు తిరిగి ఉంటాయి. గ్రిప్ కొత్తదిలా ఉంటుంది, రబ్బరు మాత్రం గట్టిపడి, గ్రిప్‌లోని గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. ఆ టైరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు, మోత కూడా చేస్తుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన కారు కదలగానే మొదట్లో టకటకమంటే, నేలకు ఆనుకున్న చోట టైరు చదునైందని. కొన్ని కిలోమీటర్లలో పోతే ఫరవాలేదు, పోకపోతే చూపించండి.

టైరు వయసు పక్క గోడ మీద నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. చాలా టైర్లకు అది ఒక వైపే ఉంటుంది. కనిపించకపోతే లోపలి వైపు చూడాలి. ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి పరీక్ష చేయించండి. పదేళ్లు నిండితే గ్రిప్ ఎంత ఉన్నా తీసేయాల్సిందే.

గ్రిప్ లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టం ప్రకారం ఆ టైరు పని అయిపోయినట్టు. గాళ్ల మధ్య చిన్న దిమ్మల్లా ఉండేవి ఆ లోతుకు గుర్తు. గ్రిప్ వాటితో సమానమైతే మార్చాలి. తడి రోడ్డు మీద పట్టు అంతకంటే చాలా ముందే తగ్గిపోతుంది కాబట్టి, 3 మిల్లీమీటర్ల దగ్గరే వానాకాలం వస్తుంటే నేనైతే మార్చమనే చెబుతాను.

అపోహ: రెండే మారిస్తే కొత్తవి ముందుకే వేయాలి

ముందు టైర్లు తొందరగా అరుగుతాయి కాబట్టి కొత్తవి అక్కడే వేయమంటారు. టైర్ల కంపెనీలు చెప్పేది వెనక వేయమని. నీళ్లు నిలిచిన మలుపులో ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు కుదురుకుంటుంది. వెనక చక్రాలు జారితే కారు తిరిగిపోతుంది. దాన్ని ఆపడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. మంచి గ్రిప్ ఉన్నవి వెనక, మిగిలిన పాతవాటిలో ఉన్నంతలో బాగున్నవి ముందు. ఈ మాట చెబితే నమ్మకుండా వేరే షాపుకి వెళ్లినవాళ్లు ఉన్నారు. అయినా చెబుతూనే ఉంటాను.

అపోహ: సెకండ్ హ్యాండ్ టైరు సగం ధరకే, గ్రిప్ కూడా బాగుంది

అరిగిపోయిన టైరుకు వేడి బ్లేడుతో గాళ్లు లోతుగా కోసి అమ్మేవాళ్లు ఉన్నారు. కారు టైరులో అలా కోసే మందం ఉండదు. ఇంకాస్త లోతుకు వెళితే లోపలి తీగలే. గాడి అడుగున చూడండి. మిగతా రబ్బరు పాతబడి ఉండి గాడి అడుగు మాత్రం నిగనిగలాడుతుంటే, పైన చెప్పిన ఆ చిన్న దిమ్మలు తెగిపోయో మాయమైపోయో ఉంటే, అది కోసిన టైరు. ఎంత చవకైనా వద్దు.

పంక్చర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రిప్ మధ్య భాగంలో మేకు దిగితే వేయించుకోవచ్చు, పక్క గోడకు తగిలితే వేయించకూడదు. గాలి పోయాక కూడా కారు నడిపి ఉంటే టైరు విప్పించి లోపల చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే పక్క గోడ లోపల నలిగిపోయింది. పైకి ఎంత బాగున్నా మళ్లీ ఎక్కించొద్దు. గుంటలో పడ్డాక పక్క గోడ ఉబ్బినా అంతే, లోపలి తీగలు తెగాయని అర్థం.

అపోహ: స్టెప్నీ వాడలేదు కాబట్టి కొత్తదే

డిక్కీలో ఉన్నా రబ్బరుకు వయసు వస్తుంది, గాలి దిగుతుంది. మిగతా నాలుగింటికి గాలి చూసినప్పుడే దానికీ చూపించండి. చాలా కొత్త కార్లలో స్టెప్నీ మిగతా టైర్ల కంటే చిన్న సైజులో వస్తోంది. దాని మీద 80 స్పీడు దాటొద్దని స్టిక్కర్ ఉంటే ఆ మాట పాటించి, పంక్చర్ అయిన టైరు బాగుచేయించి త్వరగా మార్చేయండి. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.