సముద్రం మీద దూరపు చూపు: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో సర్వే పని చేస్తుంటాను. ఎత్తు తేడాలు కొలిచే మా లెవెల్ మెషిన్‌ను నేల మీద తిప్పలు పెట్టేదీ, సముద్రం మీద కంటిని మోసం చేసేదీ ఒకటే: వెలుతురు గాలిలో తిన్నగా రాదు, వంగుతుంది. సూర్యలంక బీచ్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళు అడిగేవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఓడ అడుగుభాగం మునిగిపోయినట్టు కనిపిస్తే జూమ్ చేయండి, మళ్ళీ వస్తుంది.

రాదు. మరీ చిన్నదై కంటికి ఆననిది జూమ్‌కి దొరుకుతుంది, నీటి వంపు వెనక్కి వెళ్ళిపోయింది దొరకదు. ఒడ్డున నిలబడ్డ మనిషి కన్ను నీటికి 1.6 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. నీరూ ఆకాశమూ కలిసే గీత, లెక్క ప్రకారం, 4.5 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. గాలి చూపును కాస్త కిందికి వంచడం వల్ల అది 4.9 దాకా వెళ్తుంది.

అపోహ: నీళ్ళ మీద ఉదయించే సూర్యుడు ఉన్నచోటే కనిపిస్తాడు.

నీరూ ఆకాశమూ కలిసే గీత దగ్గర వక్రీభవనం, అంటే వెలుతురు గాలిలో వంగడం, సూర్యుణ్ణి సుమారు 34 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) పైకెత్తుతుంది. సూర్యబింబం వెడల్పే 32 నిమిషాలు. కింది అంచు నీటిని వదిలిందని మనం అనుకునేసరికి అసలు సూర్యుడు మొత్తం ఇంకా కిందే ఉంటాడు.

అపోహ: ఇదంతా తేమ వల్లే.

రాడార్, రేడియో తరంగాల విషయంలో తేమ ప్రభావం చాలా ఎక్కువ. కంటికి కనిపించే వెలుతురును ప్రధానంగా వంచేది గాలి పొరల వేడిలో తేడా. తేమ మసకేస్తుంది, అంతే.

అపోహ: గాలిలో తేలుతున్న ఓడ ఫోటోలన్నీ మార్ఫింగే.

అన్నీ కాదు. నీరు వెచ్చగా, పైగాలి చల్లగా ఉంటే నీటిని ఆనుకుని వచ్చే కిరణాలు పైకి వంగుతాయి. ఓడ కింద ఆకాశం ముక్క కనిపిస్తుంది, ఓడ తేలినట్టుంటుంది. ఎండాకాలం బందరు రోడ్డు మీద నీళ్ళు నిలిచినట్టు కనిపించేదీ ఇదే.

అపోహ: భూమి వంపుకూ వక్రీభవనానికీ కలిపి సవరణ లెక్క ఒకటుంది, ఎప్పుడైనా అదే వాడొచ్చు.

ఇది మా వాళ్ళలోనే ఎక్కువ, అందుకే గట్టిగా చెప్పాలనిపిస్తుంది. 10 కిలోమీటర్లకు భూమి వంపు 7.85 మీటర్లు, వక్రీభవనం అందులో ఏడో వంతు తగ్గిస్తుంది, మిగిలేది 6.73. ఆ ఏడో వంతు ఒక సగటు మాత్రమే. చల్లని నీటి మీద వేడిగాలి పరుచుకుని, మీటరు ఎత్తుకు సుమారు 0.13 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంటే, వెలుతురు భూమి వంపుతో సమానంగా వంగుతుంది. మునిగిన ఓడ పైకి లేస్తుంది, సముద్రం బల్లపరుపుగా కనిపిస్తుంది. అలాంటి రోజు తీసిన ఫోటో చూపించి భూమి గుండ్రంగా లేదనడం అన్యాయం.

నేల మీద మా పనిలోనూ ఇదే తంటా. మే నెల మధ్యాహ్నం స్టాఫ్ (కొలత గీతలున్న నిలువు బద్ద) అడుగు భాగంలో రీడింగ్ తీసి చూడండి. గీతలు వణుకుతాయి, నలుపూ తెలుపూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. అందుకే చూపు రేఖను నేలకు అర మీటరు పైనే ఉంచుతాం, ముఖ్యమైన పని పొద్దున్నే కానిచ్చేస్తాం, బ్యాక్‌సైట్, ఫోర్‌సైట్ దూరాలు, అంటే మెషిన్ నుంచి వెనక స్టాఫ్‌కూ ముందు స్టాఫ్‌కూ ఉన్న దూరాలు, సమానంగా పెడతాం. కృష్ణ అవతలి గట్టుకు లెవెల్ (ఎత్తు లెక్క) తీసుకెళ్ళాలంటే మెషిన్‌ను నది మధ్యలో పెట్టలేం కదా, రెండు గట్ల నుంచీ చూసి సగటు తీస్తాం. రెండు మెషిన్లతో ఒకేసారి చూస్తే ఇంకా మేలు. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు మెషిన్ మార్చేలోపు నీటి మీద గాలి మారిపోవచ్చు.