మానవ హక్కులు: ఏ ఫిర్యాదు ఎక్కడ చెల్లుతుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఐక్యరాజ్యసమితి ప్రకటనలో ఉన్న హక్కును ప్రతి దేశమూ అమలు చేసి తీరాలి.
వాస్తవం: 1948 డిసెంబర్ 10న పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటనకు అనుకూలంగా 48 ఓట్లు పడ్డాయి, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకించినవారు లేరు. అయితే అది ప్రకటనే, ఒప్పందం కాదు. దేశాలను కట్టిపడేసేవి 1966 నాటి రెండు ఒడంబడికలు: ఒకటి పౌర, రాజకీయ హక్కులది, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది. వీటిలోనూ సంతకం వేరు, ధ్రువీకరణ (కట్టుబడతామన్న తుది అంగీకారం) వేరు. రెండోదానిపై అమెరికా 1977లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. చిత్రహింసల నిషేధ ఒప్పందంపై భారత్ 1997లో సంతకం చేసి అక్కడే ఆగిపోయింది.

అపోహ: ఇదంతా పాశ్చాత్యుల సరుకు.
వాస్తవం: ముసాయిదా రాసినవారిలో చైనాకు చెందిన పి.సి. చాంగ్, లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్ ఉన్నారు. మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న అర్థమిచ్చే మాటను తీయించి ‘మానవులందరూ’ అని పెట్టించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా.

అపోహ: సుప్రీంకోర్టులో ఓడిపోతే జెనీవాలోని ఐరాసకు రాసుకోవచ్చు.
వాస్తవం: అందరూ పొరబడేది ఇక్కడే. అక్కడ పేర్లు దగ్గరగా ఉండే సంస్థలు రెండున్నాయి. మానవ హక్కుల మండలి 47 దేశాల రాజకీయ వేదిక. మానవ హక్కుల కమిటీ 18 మంది నిపుణులది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికపై వ్యక్తుల ఫిర్యాదులు వినేది ఇదే. అదీ ఆ దేశం ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను (వ్యక్తుల ఫిర్యాదులకు వీలిచ్చే అనుబంధ ఒప్పందం) విడిగా అంగీకరించి ఉంటేనే. నేపాల్ అంగీకరించింది. భారత్ 1979లో ఒడంబడికలో చేరినా ప్రోటోకాల్ జోలికి పోలేదు. కాబట్టి భారత్‌పై ఆ కమిటీకి పంపే ఫిర్యాదు నమోదే కాదు.

మిగిలిన దారి ఐరాస ప్రత్యేక ప్రతినిధులు, అంటే ఒక్కో హక్కుపైనో దేశంపైనో పరిశీలనకు నియమితులైన స్వతంత్ర నిపుణులు. వీరికి రాయడానికి ధ్రువీకరణ అవసరం లేదు, స్థానిక కోర్టులన్నీ తిరగనక్కర్లేదు. బాధితుడి పేరు, తేదీల వారీగా జరిగినవి, ఎవరు చేశారు, బాధితుడి సమ్మతి ఉందా – ఇవి స్పష్టంగా ఉండాలి. ఆవేశం ఎక్కువై తేదీలు తక్కువైన ఉత్తరం పక్కకు పోతుంది. వీరు తీర్పు ఇవ్వరు, ప్రభుత్వాన్ని వివరణ అడుగుతారు.

ఐరోపాలో ఉన్న తెలుగువారికి స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టు ఉంది, పౌరసత్వం అడగదు. కానీ స్థానికంగా తుది తీర్పు వచ్చిన నాలుగు నెలల్లో దరఖాస్తు చేరాలి. మునుపటి ఆరు నెలల గడువు 2022 ఫిబ్రవరి నుంచి లేదు.

అపోహ: పరాయి దేశంలో కూలీకి హక్కులుండవు.
వాస్తవం: పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ఆ నేలమీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది, ఓటు లాంటి కొన్ని మాత్రమే పౌరులకు పరిమితం. ఖతర్ 2018లో అందులో చేరింది. సౌదీ, యూఏఈ చేరలేదు. అయితే పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినప్పుడు ఒడంబడిక కన్నా ముందు పనికొచ్చేది స్థానిక కార్మిక శాఖలో ఫిర్యాదు, దాంతోపాటు భారత విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో నమోదు. కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు కాపీలు బయల్దేరే ముందే ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.

అపోహ: జాతీయ మానవ హక్కుల కమిషన్ నిందితుడికి శిక్ష వేస్తుంది.
వాస్తవం: సిఫార్సు మాత్రమే చేస్తుంది. ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు. ఘటన జరిగి ఏడాది దాటితే విచారణకు తీసుకోదు. అన్నదమ్ముల పొలం తగాదాను కొట్టేస్తుంది. అదే తగాదాలో పోలీసులు స్టేషన్‌లో కొడితే మాత్రం తీసుకుంటుంది. రాష్ట్ర కమిషన్‌లో అప్పటికే నడుస్తున్న ఫిర్యాదును ముట్టుకోదు, కాబట్టి రెండు చోట్లా వేయకండి.