ట్రిటియం టెస్టింగ్: మీటర్ పెడితే మోగుతుంది అనుకునేవాళ్ల కోసం

నీళ్లలో ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, కొలిచే పని నాది అని చెప్తే చాలు, "ఆ టిక్ టిక్ మనే మీటర్ పెడతారు కదా" అంటారు. పెట్టం. పెట్టినా అది నోరు మెదపదు.

అపోహ: గైగర్ మీటర్ నీళ్ల దగ్గర పెడితే తెలిసిపోతుంది.

ట్రిటియం నుంచి వచ్చేది ఒక్క బీటానే (దూసుకొచ్చే ఎలక్ట్రాన్), గోడలు దాటే గామా కిరణాలు రావు, ఆ బీటా శక్తి కూడా మహా అయితే 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సగటున 5.7 అంతే. గాల్లో 6 మిల్లీమీటర్లు పోతే గొప్ప, నీళ్లలో అయితే కొన్ని మైక్రాన్లకే పుట్టిన చోటే చల్లారిపోతుంది, ఇంక బాటిల్ గోడ దాటి మీటర్ లోపలికి ఎక్కడొస్తుంది? అందుకే మేం నీళ్లనే డిటెక్టర్‌లో కలిపేస్తాం. 20 మి.లీ. వయల్‌లో (చిన్న సీసాలో) 8 మి.లీ. నీళ్లు, మిగతాది సింటిలేషన్ కాక్‌టెయిల్ అనే మెరిసే ద్రవం, బీటా తగిలినప్పుడల్లా లోపల చిన్న మెరుపు. దాన్ని రెండు ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు (చిన్న వెలుగుని కూడా పట్టే పరికరాలు) ఒకేసారి చూస్తేనే లెక్క, ఒక్కదానికే కనపడితే అది ట్యూబ్ సొంత గోల అని మెషిన్ వదిలేస్తుంది.

అపోహ: వయల్ పెట్టి బటన్ నొక్కితే ఆన్సర్ వచ్చేస్తుంది.

నంబర్ వస్తుంది, ఆన్సర్ రాదు. శాంపిల్‌ని ముందు డిస్టిల్ చెయ్యాలి, లేకపోతే నీళ్లలో ఉన్న పొటాషియం-40 లాంటి వేరే రేడియోధార్మిక పదార్థాలు కూడా కౌంట్‌లో కలిసిపోతాయి, రంగు ఉంటే ఆ మెరుపునే మింగేస్తుంది (దాన్నే మేం క్వెంచింగ్ అంటాం). కొత్తలో నేను కాక్‌టెయిల్ కలిపిన వెంటనే కౌంటర్‌లో పెట్టేసి, ఇంత కౌంట్ వచ్చిందేంటి అని కంగారుపడి సీనియర్‌ని లాక్కొచ్చా. ఆయన ఎక్కువ మాట్లాడకుండా వయల్‌ని రాత్రంతా చీకట్లో ఉంచమన్నారు, పొద్దున్న చూస్తే కౌంట్ బ్యాక్‌గ్రౌండ్‌కి, అంటే ట్రిటియం లేని నీళ్లకి వచ్చేంతకి, పడిపోయింది! అది ట్రిటియం కాదు, రసాయన వెలుగు, అంటే కెమిల్యూమినిసెన్స్. ఇప్పటికీ అర్జెంట్ శాంపిల్ అని ఎవరైనా నిలబడితే నాకు ఆ వయలే గుర్తొస్తుంది.

డిస్టిల్ చేస్తే ట్రిటియం కూడా పోదా అని అడుగుతారు. పోదు, అది నీటి అణువులోనే హైడ్రోజన్ స్థానంలో కూర్చుని ఉంటుంది, ఆవిరైనా నీళ్లతోనే వస్తుంది. ఆర్‌ఓ ఫిల్టర్ కూడా దాన్ని విడదీయలేదు.

అపోహ: "కనపడలేదు" అని రిపోర్ట్ వస్తే అసలు లేనట్టే.

ఇది చదువుకున్నవాళ్లు కూడా చేసే పొరపాటు. లీటర్‌కి 10 బెక్వెరెల్స్ ఉందనుకోండి (బెక్వెరెల్ అంటే సెకనుకి ఒక విఘటన, ఒక పరమాణువు క్షీణించడం), మా 8 మి.లీ.లో నిమిషానికి 5 విఘటనలు కూడా జరగవు, మెషిన్ ఎఫిషియెన్సీ 25 శాతం అయితే పట్టుకునేది ఒకటికి కాస్త ఎక్కువ, అటు ఏమీ లేని నీళ్లకే నిమిషానికి ఒకట్రెండు వస్తుంటాయి. ఆ రెండిటి తేడా నమ్మాలంటే గంటల తరబడి కౌంట్ చెయ్యాల్సిందే, పైగా ఎర్రర్ సగం తగ్గాలంటే టైమ్ నాలుగింతలు పెట్టాలి.

తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్ లీటర్‌కి 10,000 బెక్వెరెల్స్, అమెరికా లిమిట్ సుమారు 740, యూరోపియన్ యూనియన్‌లో 100 దాటితే కారణం చూడమంటారు. వీటికి డైరెక్ట్ కౌంటింగ్ చాలు. భూగర్భ జలం వయసు తెలియాలి అనేవాళ్లకి మాత్రం అస్సలు చాలదు, వాళ్లు ట్రిటియం యూనిట్‌లలో మాట్లాడతారు, ఒక యూనిట్ అంటే లీటర్‌కి 0.118 బెక్వెరెల్స్. అప్పుడు ఎలక్ట్రాలిసిస్ పెడతాం, అంటే కరెంటుతో నీళ్లని విడగొడతాం: మామూలు హైడ్రోజన్ గ్యాస్‌గా ముందు వెళ్లిపోతుంది, ట్రిటియం ఎక్కువ భాగం వెనక మిగిలిన కాసిని నీళ్లలో చిక్కబడుతుంది.

అపోహ: ల్యాబ్‌లోకి వచ్చాక శాంపిల్ సేఫ్.

రేడియం కాలం పోయాక మెరిసే వాచీల్లో ట్రిటియం వాడారు, అలాంటిది పెట్టుకుని తక్కువ స్థాయి శాంపిళ్ల గదిలోకి వస్తే, అందులోంచి బయటపడే ట్రిటియం శాంపిల్‌లో కలుస్తుందని మాకు గుండె ఆగుతుంది. గాల్లో తేమతో కూడా మార్పిడి జరుగుతుంది, అందుకే బాటిల్ నిండా పట్టి మూత బిగించమంటాం.

ఇవేవీ చాలనప్పుడు ఇంకో దారి ఉంది. నీళ్లలో ఉన్న గ్యాసంతా తీసేసి సీల్ చేసి నెలల తరబడి పక్కన పెడతారు, ట్రిటియం క్షీణించి హీలియం-3 అవుతుంది, దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో (బరువుని బట్టి పరమాణువుల్ని వేరుచేసే యంత్రంతో) కొలుస్తారు. అర్ధాయువే 12.3 ఏళ్లు కదా, తొందరపెడితే వినదు.